ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలో ఉద్యోగం: ఈ ఊరిని నమ్ముకుని ఇల్లు కొనొచ్చా?

తెనాలి_టు_ఎడిసన్:

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటున్నాం. నేను శాప్ అనే కంపెనీల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను, ఇన్నాళ్లూ అన్నీ కాంట్రాక్టులే, ప్రాజెక్టు అయిపోతుందంటే రెండు నెలల ముందు నుంచే టెన్షన్ మొదలు. ఇప్పుడు మొదటిసారి ఒక తయారీ కంపెనీ నుంచి ఫుల్‌టైమ్ ఆఫర్ వచ్చింది, గ్రీన్ కార్డు పని కూడా చేరిన ఏడాదికి మొదలుపెడతామన్నారు. ఊరు ఇల్లినాయ్‌లో పియోరియా. ఆ పేరు నేను ఇంటర్వ్యూ రోజే మొదటిసారి విన్నాను.

మ్యాప్‌లో చూస్తే షికాగోకి, సెయింట్ లూయిస్‌కి దాదాపు మధ్యలో ఉంది, చుట్టూ మొక్కజొన్న పొలాలు, ఊరి పక్కనే ఇల్లినాయ్ నది. 2020 లెక్కల్లో జనాభా 1,13,150. మా తెనాలి కంటే చిన్నది, అది నాకు ఇబ్బంది కాదు. భయమల్లా వేరే. డోజర్లు, గని ట్రక్కులు చేసే క్యాటర్‌పిల్లర్ కంపెనీ హెడ్డాఫీసు ఈ ఊరు వదిలి వెళ్లిపోయిందని చదివాను. మా ఫ్రెండ్ ఒకతను, ఫ్యాక్టరీలను నమ్ముకున్న ఊళ్లన్నీ ఖాళీ అయిపోయాయి, అక్కడ ఇల్లు కొంటే మళ్లీ అమ్ముకోలేవు అంటున్నాడు. మా ఆవిడేమో ఇక్కడ కట్టే అద్దెతో అక్కడ సొంత ఇల్లు వస్తుంటే ఇంకా ఆలోచన ఎందుకంటోంది. తను మెడికల్ ల్యాబ్ కోర్సు చదివింది, నా వీసా మీద ఆధారపడిన హెచ్4 వీసా మీద ఉంది కాబట్టి ఇప్పటికైతే పని చేయలేదు. పాప ఆరో తరగతి, బాబు ఒకటి.

అక్కడ ఉంటున్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఊరు నిలబడుతుందా, ఉద్యోగం పోతే చుట్టుపక్కల ఇంకో దారి ఉందా, ఈ రెండే నాకు ముఖ్యం.

నది_ఒడ్డున:

నేను 2006 నుంచి ఇక్కడే ఉంటున్నానండి, కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ ఊరి పని అయిపోయిందనే మాట ఇక్కడ ప్రతి తరం వింటూనే వచ్చింది. క్యాటర్‌పిల్లర్ రాకముందు పియోరియాని పోషించింది విస్కీ. చుట్టూ మొక్కజొన్న, భూమిలో బొగ్గు, మంచి ఊటనీళ్లు, సరుకు పంపడానికి నది, తర్వాత రైళ్లు. 19వ శతాబ్దం చివరికి ప్రపంచ విస్కీ రాజధాని అని పిలిపించుకున్న ఊరు ఇది. 1920లో మద్యనిషేధం రాగానే ఆ బట్టీలన్నీ ఆగిపోయాయి. నిషేధం ఎత్తేశాక హైరమ్ వాకర్ వాళ్లు నది ఒడ్డున పెద్ద డిస్టిలరీ కట్టారు, అదీ 1981లో మూతపడింది. పక్కనే పియోరియా హైట్స్‌లో పాబ్స్ట్ బీరు ఫ్యాక్టరీ 1982లో మూసేశారు. అదే సమయానికి క్యాటర్‌పిల్లర్‌లో 205 రోజుల సమ్మె, దాని వెనకే మాంద్యం, వేల ఉద్యోగాలు పోయాయి. 1970లో లక్షా 27 వేల దగ్గర ఉన్న జనాభా 1990కి లక్షా 13 వేలకు పడిపోయింది. మీరు ఇచ్చిన 2020 లెక్క చూడండి, అది కూడా దాదాపు అంతే. అంటే ఎనభైల్లోనే పడాల్సిన దెబ్బ పడిపోయింది, ఆ తర్వాత ముప్పై ఏళ్లకు మొత్తం మీద ఊరు పెరగనూ లేదు, కూలిపోనూ లేదు. ఎవరైనా మీకు పియోరియా దూసుకుపోతోందని చెప్పినా, చచ్చిపోయిందని చెప్పినా నమ్మకండి.

హెడ్డాఫీసు సంగతి. క్యాటర్‌పిల్లర్ అసలు ఇక్కడ పుట్టిన కంపెనీ కాదు. కాలిఫోర్నియాలో హోల్ట్, బెస్ట్ అని రెండు ట్రాక్టర్ కంపెనీలు ఒకదానికొకటి పోటీగా ఉండేవి. హోల్ట్ వాళ్లు 1909లో నది అవతల ఈస్ట్ పియోరియాలో దివాలా తీసిన ఒక ఫ్యాక్టరీని కొన్నారు. 1925లో ఆ రెండు కంపెనీలూ కలిసి క్యాటర్‌పిల్లర్ అయ్యాయి, కొన్నేళ్లకు హెడ్డాఫీసు కూడా ఇటే వచ్చింది. అలా వచ్చిన ఆఫీసు 2017లో షికాగో పక్కన డీర్‌ఫీల్డ్‌కి వెళ్తామని చెప్పింది, 2022లో అక్కడి నుంచి టెక్సాస్‌లో ఇర్వింగ్‌కి వెళ్తున్నామంది. 2015లో మన డౌన్‌టౌన్‌లోనే కొత్త భవనాలు కడతామని నమూనా బొమ్మలు కూడా చూపించారు, అందుకే జనానికి అంత బాధ. నాతో పనిచేసే ఒక పెద్దాయన, మూడు తరాలవాళ్లు అక్కడే పనిచేసిన కుటుంబం, ఆ వార్త వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం బాక్సు కూడా తెరవలేదు. కానీ వెళ్లింది పైస్థాయి అధికారులు, కొన్ని వందల మంది. అప్పట్లో ఈ చుట్టుపక్కల ఆ కంపెనీలో పనిచేసేవాళ్లు సుమారు 12,000. ఫ్యాక్టరీలు, ఇంజినీర్లు, ఐటీ ఇక్కడే ఉండిపోయాయి.

ఇక నా అనుభవం. 2016లో నన్ను పెట్టుకున్న కన్సల్టింగ్ కంపెనీ శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి సోమవారం నుంచి రావద్దంది. ఉద్యోగం పోయాక వీసా మీద ఉండటానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు కూడా అప్పటికి లేదు, ఆ రూల్ 2017 జనవరిలో వచ్చింది. మా చిన్నదానికి అప్పుడు నాలుగు నెలలు. ఆ రెండు వారాలూ ఎలా గడిచాయో ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు. నన్ను కాపాడింది బ్లూమింగ్‌టన్. ఐ-74 మీద 40 మైళ్లు, స్టేట్ ఫార్మ్ ఇన్సూరెన్స్ హెడ్డాఫీసు అక్కడే, దాని చుట్టూ ఐటీ పనులు చాలా. పక్కనే నార్మల్‌లో పాత మిత్సుబిషి కార్ల ఫ్యాక్టరీని 2017లో రివియన్ కొనుక్కుని ఎలక్ట్రిక్ బండ్లు చేస్తోంది. నేను ఇల్లు అమ్మకుండానే మూడేళ్లు రోజూ అటు వెళ్లి వచ్చాను. మంచు రోజుల్లో నరకమే, కానీ పిల్లల స్కూలు మారలేదు.

అందుకని మీరు ఊరి గురించి కంటే ముందు ఆఫర్ లెటర్ గురించి ఆలోచించండి. మీ హెచ్1బి ఉద్యోగ వీసాకి నాలుగో ఏడు నడుస్తోందనుకుంటాను. చేరిన ఏడాదికి గ్రీన్ కార్డు మొదలుపెడితే చాలా ఆలస్యం. ఆరేళ్లు దాటి పొడిగింపు కావాలంటే పెర్మ్ (గ్రీన్ కార్డుకి మొదటి మెట్టైన లేబర్ సర్టిఫికేషన్) గానీ ఐ-140 (తర్వాత కంపెనీ వేసే పిటిషన్) గానీ ఫైల్ అయి 365 రోజులు గడిచుండాలి, లేదా ఐ-140 అప్రూవ్ అయి ఉండాలి. పెర్మ్ ఫైల్ చేయడానికి ముందు జరిగే పనికే చాలా నెలలు పడుతుంది. చేరిన వెంటనే మొదలుపెడతామని లెటర్‌లో రాయించుకోండి, మీ లాయర్‌తో ఒకసారి తేదీలు లెక్క వేయించండి. ఐ-140 అప్రూవ్ అయితే మీ ఆవిడకి కూడా పని అనుమతికి అప్లై చేసుకునే వీలొస్తుంది. ఈ ఊరు ఎన్ని దెబ్బలైనా తట్టుకుంటుందండీ, దాని వయసు దానికుంది. మన వీసాకి అంత ఓపిక ఉండదు.

గోదావరిఖని_బిడ్డ:

పైన అన్న చెప్పిన లెక్కలన్నీ కరెక్టే, నేను ఫ్యాక్టరీ లోపలి సంగతి చెప్తా.

మా నాన్న సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్. చిన్నప్పుడు క్వార్టర్స్ దాకా బ్లాస్టింగ్ శబ్దం వినిపించేది, నాన్న డ్యూటీ దిగి వస్తే చెవుల్లో కూడా బొగ్గు పొడి. ఆ బండి టైరు పక్కన నిలబడి దిగిన ఫోటో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, టైరు సగం ఎత్తుకు కూడా రాను నేను. మెకానికల్ చదివి, ఇక్కడ ఎంఎస్ చేసి, పియోరియాలో ఉద్యోగం వచ్చింది అంటే నాన్న అడిగిన మొదటి ప్రశ్న "మా బండ్లు చేసేది ఆ ఊళ్లోనేనా" అని. కంపెనీ పేరు చెప్పను గానీ పని అదే.

ఈ ఊరి గురించి రాసేవాళ్లందరూ హెడ్డాఫీసు దగ్గరే ఆగిపోతారు. ఇక్కడి అసలు బలం చేతిపని. ఈస్ట్ పియోరియాలో డి11 దాకా పెద్ద డోజర్లు తయారవుతాయి. నది వెంట కిందికి పోతే మేపుల్‌టన్‌లో ఫౌండ్రీ, అక్కడ ఇనుము కరిగించి ఇంజిన్ బ్లాకులు పోస్తారు. పైకి పోతే మాస్‌విల్‌లో ఇంజిన్లు, టెక్నికల్ సెంటర్. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. క్యాటర్‌పిల్లర్‌కి పెద్ద పోటీదారు కోమాట్సు గని ట్రక్కులు కూడా ఈ ఊళ్లోనే తయారవుతాయి, 1930ల్లో లెటర్నో అనే ఆయన మట్టి పనుల యంత్రాల కోసం పెట్టిన ఫ్యాక్టరీ చేతులు మారి మారి వాళ్ల దగ్గరికి వచ్చింది. బార్టన్‌విల్‌లో కీస్టోన్ అని తీగ చేసే స్టీలు మిల్లు ఉంది, ఆ కంపెనీ 19వ శతాబ్దంలో మొదలైంది. వీటికి విడిభాగాలు ఇచ్చే చిన్న చిన్న వర్క్‌షాపులు వెనక గల్లీల్లో లెక్కలేనన్ని. ఒక షాఫ్ట్ తేడాగా ఉంటే చేత్తో తడిమి ఎక్కడ తప్పు జరిగిందో చెప్పే మెషినిస్టులు ఉన్నారిక్కడ. అది ఒక తరంలో వచ్చే విద్య కాదు, ఆఫీసు తీసుకుపోయినంత సులభంగా తీసుకుపోలేరు.

అట్లని అంతా బాగుందని చెప్పను. ఇక్కడ గని బండ్లు, డోజర్లు అమ్ముడుపోవడం అనేది ప్రపంచంలో ఇనుము, రాగి, బొగ్గు రేట్ల మీద ఆధారపడి ఉంటుంది. ఎక్కడో ఆస్ట్రేలియాలో, చిలీలో గనులవాళ్లు కొత్త బండ్లు కొనడం ఆపితే ఏడాది తిరిగేసరికి ఇక్కడ ఓవర్‌టైమ్ ఆగిపోతుంది, తర్వాత షిఫ్టు ఆగిపోతుంది. 2015లో కంపెనీ 2018 వరకు 10,000 ఉద్యోగాల దాకా తగ్గవచ్చని చెప్పింది కూడా అట్లా రేట్లు పడిపోయినప్పుడే. ఇది సింగరేణి పిల్లలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మీరు చేరేముందు ఆ కంపెనీ ఆర్డర్లు ఎటు నుంచి వస్తాయో చూడండి. గనులా, రోడ్లా, కరెంటు జనరేటర్లా. గనుల మీద ఒక్కదాని మీదే ఉంటే ఎగుడుదిగుళ్లు ఎక్కువ.

ఇంకో మాట, సమ్మెలు. 1991లో ఒకటి, 1994 జూన్‌లో మొదలై 17 నెలలు నడిచింది ఇంకోటి. నాతో పనిచేసేవాళ్లలో ఇప్పటికీ ఆ రోజుల్లో సమ్మె చేసేవాళ్లని దాటుకుని పనికి లోపలికి పోయినవాళ్లతో మాట్లాడని కుటుంబాలున్నాయి. ఆఫీసు ఉద్యోగం అయినా సరే కొత్తలో ఆ విషయం మీద తొందరపడి అభిప్రాయం చెప్పకండి, వినండి చాలు. వాళ్లు ఇళ్లు పోగొట్టుకున్నారు.

నాన్న 2019లో వచ్చినప్పుడు డౌన్‌టౌన్‌లో క్యాటర్‌పిల్లర్ విజిటర్స్ సెంటర్‌కి తీసుకుపోయిన. 797 అనే ట్రక్కు ఉంటుంది, 400 టన్నుల బరువు మోసే బండి, దాని డంప్ బాడీలోనే కుర్చీలు వేసి సినిమా చూపిస్తారు. నాన్న సినిమా చూడలేదు, బాడీ ప్లేటు వెల్డింగు మీద చేయి వేసి చూస్తూ కూర్చున్నడు.

ఏయూ_మైక్రో:

మీ ఆవిడ ల్యాబ్ చదివారని చూసి రాస్తున్నాను. నేను ఆంధ్రా యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదివాను, ఇప్పుడు ఇక్కడ ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో ఉన్నాను.

విశాఖలో మా ల్యాబ్ ఫ్రిజ్‌లో కల్చర్ ట్యూబుల మీద ఎన్‌ఆర్‌ఆర్‌ఎల్ అని, పక్కన ఒక నంబరు రాసి ఉండేది. ఆ నాలుగు అక్షరాలు ఏమిటో అప్పుడు నేను ఎప్పుడూ అడగలేదు. పెళ్లయి పియోరియా వచ్చాక యూనివర్సిటీ స్ట్రీట్‌లో బస్సు దిగితే ఎదురుగా పెద్ద ప్రభుత్వ భవనం, వ్యవసాయ శాఖ పరిశోధనశాల. దాని పాత పేరే నార్దర్న్ రీజినల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ! ప్రపంచంలోనే పెద్ద సూక్ష్మజీవుల నిల్వల్లో ఒకటి అందులో ఉంది. రోడ్డు మీద నిలబడిపోయాను.

అందరూ ఈ ఊరిని ట్రాక్టర్ల ఊరు అంటారు గానీ నాకు మాత్రం ఇది పెన్సిలిన్ ఊరు. ఫ్లెమింగ్ కనుక్కున్నది లండన్‌లోనే, కానీ మందుగా వాడటానికి సరిపడా తయారు చేయడం ఎవరికీ చేతకాలేదు. 1941 జులైలో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఫ్లోరీ, హీట్లీ బూజు పట్టుకుని ఇక్కడికి వచ్చారు. ఇక్కడివాళ్లు దాన్ని మొక్కజొన్న నానబెట్టిన నీళ్లలో పెంచి చూశారు. పిండి తీసే మిల్లుల్లో మిగిలిపోయే నీళ్లు అవి, కార్న్ స్టీప్ లిక్కర్ అంటారు. దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. ఇంకా మంచి బూజు కోసం వెతుకుతుంటే 1943లో ఈ ఊరి బజారులో దొరికిన బూజు పట్టిన ఒక ఖర్బూజా పండు మీద కనిపించింది. దాని నంబరు ఎన్‌ఆర్‌ఆర్‌ఎల్ 1951. ఆ తర్వాత పరిశ్రమ వాడిన బూజు రకాలు చాలావరకు దాని సంతతే. మన ఇళ్లలో చిన్నప్పుడు పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకోని వాళ్లెవరు చెప్పండి.

అదే మొక్కజొన్న విస్కీ అయింది, పెన్సిలిన్‌కి మేత అయింది, పాత హైరమ్ వాకర్ స్థలంలో ఇప్పుడు ఇథనాల్ అవుతోంది. నది మీద బార్జీల్లో గింజలు మిసిసిపి దాకా వెళ్తూనే ఉంటాయి.

ఉద్యోగాల సంగతికి వస్తే, ఈ ఊళ్లో ఇప్పుడు ఫ్యాక్టరీతో సమానంగా నిలబడింది ఆస్పత్రులు. ఓఎస్‌ఎఫ్ సెయింట్ ఫ్రాన్సిస్‌ని నన్‌లు 1877లో మొదలుపెట్టారు, ఇప్పుడు ఆ గ్రూపు మొత్తానికీ ప్రధాన కార్యాలయం ఇక్కడే. ఇల్లినాయ్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీ శాఖ ఉంది, ఎదురుగా డాక్టర్లు, నర్సులు బొమ్మల మీద ప్రాక్టీసు చేసే జంప్ సెంటర్ ఉంది. చుట్టూ పల్లెల నుంచి పేషెంట్లు ఇక్కడికే రావాలి. ల్యాబ్‌లో మనుషుల కొరత ఎప్పుడూ ఉంటుంది. మీ ఆవిడని ఇప్పటి నుంచే సర్టిఫికేషన్ పరీక్షకి చదవమనండి, మన దేశపు డిగ్రీని మదింపు చేయించడానికే నెలలు పడుతుంది, నేను ఆలస్యంగా మొదలుపెట్టి ఏడాది పోగొట్టుకున్నాను.

ఒకటి మాత్రం బాధగా ఉంటుంది. ఇంత ఆస్పత్రి, ఇంత కొండమీద ఇళ్లు, కిందికి సౌత్ సైడ్‌కి వెళ్తే కిరాణా దుకాణాలు మూతపడి జనం బస్సు ఎక్కి కూరగాయలకి వెళ్లాలి. అక్కడ ఎక్కువమంది నల్లజాతివాళ్లు, ఫ్యాక్టరీ పనులు పోయినప్పుడు ముందు పోయింది వాళ్లవే. మన వాళ్లు పదేళ్లు ఉన్నా అటు ఒక్కసారి కూడా వెళ్లరు. మా ఆస్పత్రి హెల్త్ క్యాంపులకి నేను వెళ్తాను, ఊరు ఎలా ఉందో అక్కడ కూర్చుంటేనే నాకు అర్థమైంది. హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ 1940లో పుట్టింది ఈ ఊళ్లోనే, ఆయన పేరు మీద ఒక వీధి ఉంది. ఆ వీధిలో నడిచి చూడండి ఒకసారి.

తెనాలి_టు_ఎడిసన్:

మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నది ఒడ్డున గారూ, మీరు చెప్పాక నిన్న లాయర్‌తో మాట్లాడాను, మీరన్నట్టే ఏడాది ఆగితే ప్రమాదమే అన్నారు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. అక్కా, మా ఆవిడ మీ రిప్లై రెండుసార్లు చదివింది, ఖర్బూజా కథ మా పాపకి కూడా చెప్పింది.

ఇల్లు ఏ వైపు చూడాలి, వరదలు ఎలా ఉంటాయి, మన వాళ్లు ఎంతమంది ఉంటారు, ఈ మూడూ కూడా చెప్పండి.

డాలస్_వచ్చేశాం:

మేము తొమ్మిదేళ్లు ఉండి 2019లో వచ్చేశాం, కాబట్టి రెండో వైపు కూడా వినండి. ఊరంటే నాకు కోపం లేదు, మా పెద్దాడు అక్కడే పుట్టాడు. కానీ నేనూ మా ఆవిడా ఇద్దరం ఒకే కంపెనీకి పనిచేసే కాంట్రాక్టర్లం, ఒకే నెలలో ఇద్దరికీ పోయింది. ఇంట్లో రెండు జీతాలూ ఒకే చోటి నుంచి రావడం పియోరియా లాంటి ఊళ్లో చేయకూడని పని, అది అనుభవించి చెప్తున్నాను. ఇల్లు అమ్మడానికి ఏడు నెలలు పట్టింది, కొన్న ధర కంటే తక్కువకే ఇచ్చాం. ఇళ్లు చౌకే, కానీ ప్రాపర్టీ ట్యాక్సు ఇంటి విలువలో రెండు శాతం సులభంగా దాటుతుంది, రాష్ట్రం ఆదాయపు పన్ను 4.95 శాతం అదనం. ఈఎంఐ ఒక్కటే చూసి మురిసిపోవద్దు, ట్యాక్సు కలిపి లెక్క వేసుకోండి.

ప్రయాణాలు కూడా కష్టమే. ఇండియా వెళ్లాలంటే షికాగో దాకా సుమారు 165 మైళ్లు బస్సులోనో కారులోనో. ఇంత ఊరికి ప్యాసింజరు రైలు లేదు, రైలు ఎక్కాలంటే బ్లూమింగ్‌టన్ పక్కన నార్మల్ వెళ్లాలి. మా నాన్నగారికి బాగోలేదని ఫోన్ వచ్చిన రాత్రి మంచులో ఆ రోడ్డు మీద నడిపిన నాలుగు గంటలు నాకు గుర్తున్నాయి. అమ్మానాన్నలు పెద్దవాళ్లయితే ఇది లెక్కలోకి తీసుకోండి.

నది_ఒడ్డున:

డాలస్ గారు చెప్పింది నిజం, ఇద్దరూ ఒకే చోట వద్దు. మీ ఆవిడ ఆస్పత్రి వైపు వెళ్తే మీకు ఆ సమస్య ఉండదు.

ఇళ్లు: మన వాళ్లు ఎక్కువగా ఊరికి ఉత్తరాన డన్‌లప్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటారు, అది పియోరియా ఊరి హద్దుల్లోకి కూడా కొంత వస్తుంది, కొనేముందు ఆ అడ్రసు ఏ డిస్ట్రిక్ట్‌లో ఉందో చూసుకోండి. నది అవతల మోర్టన్, వాషింగ్టన్ కూడా బాగుంటాయి. మోర్టన్‌లో గుమ్మడికాయ గుజ్జు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ ఉంది, అమెరికా థ్యాంక్స్‌గివింగ్ పైలకి చాలావరకు అక్కడి నుంచే వెళ్తుంది. ఇంటికి బేస్‌మెంట్ ఉండి తీరాలి. 2013 నవంబర్ 17న వాషింగ్టన్ మీద పడిన టోర్నడో ఆదివారం పొద్దున వందల ఇళ్లను నేలమట్టం చేసింది, మేము ఇవతలి ఒడ్డు నుంచి ఆకాశం చూశాం.

వరద: అదే ఏడాది ఏప్రిల్‌లో నది 29 అడుగులు దాటి ఇక్కడ రికార్డు నమోదైంది. డౌన్‌టౌన్‌లో ఇసుక బస్తాల గోడ కట్టడానికి ఊరంతా కదిలింది, నేనూ మా ఆఫీసువాళ్లూ మధ్యాహ్నం దాకా బస్తాలు అందించాం. కానీ ఊరు చాలావరకు గట్టు మీద ఉంటుంది, నదికి ఆనుకుని కొనకపోతే భయం లేదు. నది కంటే నన్ను బాధపెట్టేది మట్టి. ఇక్కడ నది వెడల్పయి పియోరియా సరస్సు అవుతుంది, దున్నిన పొలాల నుంచి మట్టి కొట్టుకొచ్చి ఏటా అందులో పేరుకుంటుంది. పడవలు వెళ్లే దారి తప్పితే చాలా చోట్ల మోకాళ్లు, నడుములోతే. 2004లో ఆ మట్టిని బార్జీల్లో షికాగో తీసుకెళ్లి మూతపడిన స్టీలు ఫ్యాక్టరీ స్థలంలో పార్కు కోసం పరిచారు. అంత సారం ఉన్న నేల అది. దానికి తోడు సిల్వర్ కార్ప్ చేపలు, మోటారు శబ్దానికి గుంపులుగా ఎగిరి పడవలో పడతాయి, తలకి తగిలితే గాయమే. పిల్లల్ని పడవ ఎక్కిస్తే జాగ్రత్త.

మన వాళ్లు: హిందూ టెంపుల్ ఆఫ్ సెంట్రల్ ఇల్లినాయ్ ఉంది, పూజలన్నీ జరుగుతాయి. ఎడిసన్‌లా వీధికో దోశ హోటల్ ఉండదు, ఇండియన్ షాపులు కొద్దే, సరుకు కొన్నిసార్లు షికాగో నుంచి తెచ్చుకుంటాం. కానీ కొద్దిమందిమే కాబట్టి అందరికీ అందరూ తెలుసు. నాకు ఉద్యోగం పోయిన ఆ రెండు వారాల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు చుట్టుపక్కల వాళ్లు.

గోదావరిఖని_బిడ్డ:

బతుకమ్మ గురించి చెప్పడం మర్చిపోయిన. తంగేడు దొరకదు, గునుగు దొరకదు. రాక్ ఐలండ్ ట్రయిల్ అనే నడక బాట పక్కన సెప్టెంబర్‌లో పసుపు పచ్చగా గోల్డెన్‌రాడ్ పూస్తుంది గానీ అక్కడ కోయనివ్వరు, అందుకని మా వాళ్లు ఇళ్ల వెనక పెరట్లో బంతిపూలు, గోల్డెన్‌రాడ్ పెంచుతున్నారు. నదిలో వేయనివ్వరు కాబట్టి పార్కులో చిన్న పిల్లల నీళ్ల టబ్బు పెట్టి అందులో వదులుతాం. పోయినసారి మా పక్కింటి మెషినిస్టు ఆయన భార్య కూడా వచ్చి ఆడింది, వాళ్ల పెరట్లో పూలు ఒక బకెట్ తెచ్చి ఇచ్చింది.

తెనాలి_టు_ఎడిసన్:

హెచ్‌ఆర్ నుంచి జవాబు వచ్చింది. చేరిన 60 రోజుల్లోపు పెర్మ్ పని మొదలుపెడతామని కొత్త లెటర్ ఇచ్చారు. మొదటి ఏడాది అద్దెకి ఉండి, ట్యాక్సులూ అవీ చూసుకుని తర్వాత ఇల్లు ఆలోచిద్దామని అనుకుంటున్నాం. వచ్చే నెల రెండో శనివారం పిల్లలతో ఊరు చూడటానికి వస్తున్నాం, షికాగోలో దిగి కారు తీసుకుంటాను. ఒక్క రోజులో ఏం చూడాలి?

నది_ఒడ్డున:

షికాగో నుంచి ఐ-55, బ్లూమింగ్‌టన్ దగ్గర ఐ-74 పట్టుకోండి. ఈస్ట్ పియోరియా దాటి మర్రీ బేకర్ వంతెన ఎక్కేటప్పుడు కాస్త నెమ్మదిగా రండి, నది మీద నుంచి డౌన్‌టౌన్ మొత్తం కనిపిస్తుంది. ముందు విజిటర్స్ సెంటర్, దాని పక్కనే రివర్‌ఫ్రంట్ మ్యూజియం, పిల్లలకి సగం రోజు సరిపోతుంది. తర్వాత గ్రాండ్‌వ్యూ డ్రైవ్ మీద కారు నడపండి, గట్టు మీద నుంచి కింద సరస్సంతా పరుచుకుని ఉంటుంది. సాయంత్రం గుడికి వచ్చేయండి, శనివారం భోజనాలు ఉంటాయి, మేమందరం అక్కడే ఉంటాం. ఫిబ్రవరి కాబట్టి పిల్లలకి మంచు బూట్లు మర్చిపోవద్దు, నది ఒడ్డున గాలి ఎడిసన్ గాలిలా ఉండదు.